శ్రోతానందంగారి సన్మానం

దక్షిణామూర్తి అని పేరున్నవాళ్ళంతా మౌనంగా ఉండాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. రాసిపెట్టి ఉంటే పిడపర్తి దక్షిణామూర్తిగారు ఆ పేరు ఏనాడో మార్చుకునేవారు. కాకినాడ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే ఈయన గంట కొట్టాక కూడా "చివరిగా ఒక్క మాట" అని మొదలుపెట్టి, తర్వాతి పీరియడు మేష్టారు గుమ్మంలో నిలబడి దగ్గేదాకా వదిలేవారు కారు. ఊళ్ళో ఎవరి పుస్తకం ఆవిష్కరించినా, ఎవరికి పదవీ విరమణ జరిగినా వేదిక మీద కొసకుర్చీ అయినా ఆయనకి దక్కేది. దక్కని రోజున సభ ఏమంత బాగా జరగలేదని ఇంటికొచ్చి చెప్పేవారు.

అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున అట్టపెట్టెలో మొహం పెట్టి మాట పడిపోయినవాడిలా కూర్చున్నారు.

సెల్‌ఫోన్ని అట్టపెట్టెలో దూర్చి, దాని ముందు రెండు భూతద్దాలు అతికించి, కళ్ళకి ఆనించుకుంటే ఇంకో లోకంలో ఉన్నట్టే ఉంటుందని ఆ రోజుల్లోనే కొత్తగా ఇంటర్నెట్టులో రాస్తున్నారు. వర్చువల్ రియాలిటీ అన్న మాట అప్పటికి కాకినాడలో చాలామందికి నోరు తిరగదు. మేష్టారు ఎక్కడో చదివి, బూట్లు కొన్న పెట్టె కత్తిరించి, జిగురు ఆరేదాకా కాలుగాలిన పిల్లిలా తిరిగి, కళ్ళకి పెట్టుకున్నారు. తల పైకెత్తితే నెత్తిమీదుగా ఏనుగంత చేప ఒకటి ఈదుకుంటూ పోయింది. తల తిప్పితే తోక ఊపుకుంటూ వీపు వెనక్కి వెళ్ళిపోయింది.

వంటింట్లోంచి భార్య రత్నమాల వచ్చి భుజం కుదిపింది. "ఏవండీ, ఏవైందండీ? ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"చేప" అన్నారు మేష్టారు.

అంతే. పెళ్ళయిన దగ్గర్నించీ ఆయన వాక్యం ఒక్క మాటతో ముగియడం ఆవిడ ఎరగదు. భయపడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఆ ఆనందం ఒక్కరూ భరించలేక మేష్టారు ఇంటర్నెట్టులో ఒక చర్చావేదిక తెరిచారు. పేరు మాయాలోక మిత్రమండలి. పెట్టెలో తల పెట్టిన తెలుగువాళ్ళు తాము తప్ప ఇంకెవరూ లేరనుకుంటున్న వాళ్ళంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరారు. అద్దాలు ఏ బజార్లో దొరుకుతాయి, ఫోను వేడెక్కితే ఏం చెయ్యాలి, తల తిరిగి వాంతి వచ్చేటప్పుడు నిమ్మకాయ మంచిదా ఉప్పు వేసిన మజ్జిగ మంచిదా, ఇవీ చర్చలు. మిత్రమండలికి మేష్టారే మోడరేటరు. అంటే ఒకరినొకరు తిట్టుకుంటే ఆ తిట్టు తీసెయ్యడం, తీసేసిన తిట్టుకి బదులు నాలుగు మంచి మాటలు తను రాయడం ఆయన పని. రెండోది ఎవరూ అప్పగించలేదు.

కొన్నాళ్ళకి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే సోమశేఖర్ అనే సభ్యుడు అందరూ కలుసుకోడానికి ఒక గది కట్టాడు. కట్టడమంటే కంప్యూటర్లోనే. పెట్టె కళ్ళకి పెట్టుకుంటే ఆ గుండ్రటి గదిలో ఉంటాం. మనిషికి ఒక తల, రెండు చేతులూ ఉంటాయి. మొండెం, కాళ్ళూ గీసే ఓపిక అతనికి లేకపోయింది. పెట్టె పక్కనున్న మీట నొక్కితే ఆ చేతులు చప్పట్లు కొడతాయి.

మొదటిరోజు అందరూ లోపలికొచ్చి, ఒకరి తల చుట్టూ ఒకరు తిరిగి, ఒకేసారి మాట్లాడి, పెళ్ళివారిల్లులా చేశారు. మేష్టారికి ఒళ్ళు మండింది.

"వేదిక ఏదయ్యా సోమశేఖరూ?"

"వేదికెందుకు సార్? అందరం చుట్టూ నిలబడి మాట్లాడుకుందామని."

"నిలబడ్డానికి కాళ్ళేవీ మనకి?"

కాళ్ళు లేనివాళ్ళు కూర్చోవడం మాత్రం ఎలాగ అని అడగాలని సోమశేఖర్‌కి తర్వాత ఎప్పుడో తోచింది. అప్పటికే వేదిక లేచింది. దాని మీద మూడు కుర్చీలు, వెనకాల జరీ అంచు తెర, ముందు ఒక మైకు. మేష్టారు నిబంధన రాశారు: వేదిక మీద ఉన్నవారికే మైకు, మైకు ఉన్నవారికే మాట.

ఈ నిబంధనలో తప్పేమిటని మీరు అడగవచ్చు. ఏమీ లేదు. నిజానికి అల్లరి తగ్గింది. వచ్చిన చిక్కల్లా అది తెలుగువాళ్ళ సభ కావడం. మాట్లాడాలంటే వేదిక మీదికి పిలవాలి. పిలిచినప్పుడు ఊరికే పిలవకూడదు, ఒక హోదాతో పిలవాలి. హోదా ఇచ్చాక శాలువా కప్పాలి. శాలువా కప్పినవాణ్ణి "ఇక కిందికి దిగండి" అనడం మర్యాద కాదు. కాబట్టి ఒకసారి ఎక్కినవాడు ఎక్కినట్టే. జిగురు గురించి ఒక్క ముక్క అడగడానికి ఎక్కినవాడు కూడా అక్కడే ఉండిపోయాడు.

ఈ మర్యాదలన్నిటినీ ఒక గాటన కట్టింది చింతా వీర్రాజుగారు. ఆయన కలెక్టరాఫీసులో ప్రోటోకాల్ సెక్షను సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఏ మంత్రి పక్కన ఏ జడ్పీ ఛైర్మన్ కూర్చోవాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. రిటైరయ్యాక ఆయన్ని నిద్రలో లేపేవాళ్ళెవరూ లేకపోవడం చేత మనవడి పెట్టె తీసి మిత్రమండలిలో చేరారు.

"అధ్యక్షా, వేదిక మీద ఉన్నవారందరినీ మోడరేటరు అని ఒకే మాటతో పిలవడం తారతమ్యాన్ని విస్మరించడం అవుతుంది" అన్నారు వీర్రాజుగారు. "ముఖ్య మోడరేటరు ఒకరు ఉండాలి. తదుపరి విశిష్ట మోడరేటరు, గౌరవ మోడరేటరు, ఆత్మీయ మోడరేటరు. వీరందరినీ పేరుపేరునా, హోదాసహితంగా, వేదికను అలంకరించవలసిందిగా ప్రతి సభలోనూ విధిగా ఆహ్వానించవలసి ఉంటుంది."

"ముఖ్య మోడరేటరు ఎవరండీ?" అన్నారు మేష్టారు, తెలియనట్టు.

"తమరే."

మేష్టారికి ఆ సూచన సహేతుకంగా కనిపించింది.

బయటి లోకంలో అయితే వేదిక నిండిపోతుంది, కుర్చీలు చాలవు, శాలువాలకి చందాలు రావు. అక్కడ భగవంతుడే ఏదో ఒక చోట ఆపుతాడు. ఇక్కడ ఆ అడ్డు లేదు. సోమశేఖర్ ఒక శాలువా గీస్తే ఎంతమందికైనా అదే. కుర్చీ కావాలంటే వేదిక చివర పట్టుకుని లాగడమే. మెడ లేని తలకి శాలువా ఎక్కడ కప్పాలన్న ప్రశ్న మీద మాత్రం రెండు వారాలు చర్చ జరిగి, గడ్డం కింద గాలిలో వేలాడదీయాలని తీర్మానం అయింది. ఆదివారం సభ మొదలైతే వేదికను అలంకరించవలసిందిగా కోరడానికే గంట పట్టేది. అలంకరించడం పూర్తయ్యేసరికి ఫోన్లు పెనంలా కాలి, సగంమంది నుదుళ్ళ మీద ఎర్రటి నలుచదరపు మచ్చలు పడేవి. ఆ మచ్చలున్న వాళ్ళు బజార్లో ఎదురైతే ఒకరికొకరు నమస్కారం పెట్టుకునేవారు.

ఇంట్లో రత్నమాల చూసేది వేరు. ఆయన పెట్టె పెట్టుకుని, గోడకేసి తిరిగి, మాటిమాటికీ దణ్ణాలు పెడుతుంటే గోడ మీద ఏముందా అని ఆవిడ దగ్గరికెళ్ళి చూసేది. పోయినేడాది క్యాలెండరు ఉండేది.

"చేప కనబడుతోందాండీ?" అని అడిగింది ఓసారి.

"చేపేమిటి?" అన్నారు మేష్టారు చిరాగ్గా. "అవతల సభ జరుగుతుంటే!"

ఆ రోజుల్లోనే ఆయనకి కింది దవడలో ఒక పన్ను పోటు మొదలైంది. రత్నమాల లవంగనూనెలో దూది ముంచి పెట్టి, డాక్టరుకి చూపించమంటే ఆయన వినలేదు. పళ్ళ డాక్టరంటే మేష్టారికి చచ్చేంత భయం. ఆ సంగతి చెప్పుకోలేక, సభలయ్యాక చూద్దాం అన్నారు. సభలు అయ్యేవి కావని ఆవిడకి తెలుసు.

సరిగ్గా అప్పుడే మిత్రమండలిలో ఒక పళ్ళ డాక్టరు చేరింది. పేరు నస్రీన్, ఊరు తుని. చేరిన రోజునే వేదిక ఎక్కకుండా, శాలువా అడక్కుండా, చర్చల్లో నాలుగు ముక్కలు రాసింది.

"నా దగ్గరికొచ్చేవాళ్ళు ఆ కుర్చీ చూడగానే సగం చచ్చిపోతారండి. అందుకని కోరింగ మడ అడవుల్లో పడవ షికారు ఒకటి తయారుచేశాను. పెట్టె కళ్ళకి పెట్టుకుని వాళ్ళు అడవంతా తిరిగొచ్చేలోపు నేను పన్ను తీసేస్తాను. కానీ పడవలో తల తిరుగుతుందేమో నాకు తెలీదండి. నోట్లో పట్టకారు ఉండగా వాంతొస్తే మనిషికే ప్రమాదం. మీరందరూ ఇందులో అనుభవం ఉన్నవాళ్ళు. ఓ పదిమంది ఎక్కి, తిరిగిందో లేదో చెప్పండి చాలు. నూకరాజని లారీ డ్రైవరొకడున్నాడండి. పుచ్చుపన్నుతో దవడ వాస్తా తగ్గతా ఉంది. మూడుసార్లొచ్చి గుమ్మం దగ్గర్నించే పారిపోయాడు. అతని కోసమే నా తొందర."

ఇంత సులువైన పని మిత్రమండలి ముందుకి అంతవరకు రాలేదు. పడవ ఎక్కాలి, దిగాలి, చెప్పాలి. మేష్టారికి చదవగానే ముచ్చటేసింది కూడా. వెంటనే ఆదివారం సభ ఎజెండాలో చేర్చారు, ఆఖర్న, "ఇతర అంశాలు" కింద.

ఇతర అంశాల దాకా ఏ సభ వెళ్ళింది కనక! వెళ్ళేసరికి ఫోన్లు ఆరిపోయేవి. డాక్టరు నస్రీన్ ప్రతి ఆదివారం క్లినిక్ మూసుకుని వచ్చి, కింద మొదటి వరసలో కూర్చుని, శాలువాలు చూసి వెళ్ళేది. ఒకసారి ఎలాగో ఆ అంశం వచ్చింది. వీర్రాజుగారు లేచారు. కాళ్ళు లేకపోయినా ఆయన లేచినట్టు అందరికీ తెలిసేది.

"వైద్యురాలి వినతిని సానుకూలంగా పరిశీలించడమైనది. అయితే ఒక సాంకేతిక ఇబ్బంది కలదు. పడవ ఎక్కాలంటే వేదిక దిగవలసి ఉంటుంది. వేదిక దిగడానికి మన నిబంధనల్లో వీలు లేదు."

"అయితే కింద ఉన్నవాళ్ళు ఎక్కుతారు కదండీ" అంది నస్రీన్. వేదిక మీద లేదు కాబట్టి ఆమె మాట ఎవరికీ వినబడలేదు. పెదాలు కదిలినట్టు మాత్రం కనిపించాయి. ఆమె సభ మర్యాదగా ఆస్వాదిస్తోందని అందరూ అనుకున్నారు. నిజానికి కింద మిగిలిందే కొద్దిమంది. తర్వాతి వారం వాళ్ళని కూడా ఆత్మీయ మోడరేటర్లను చేసి పైకి పిలిచేశారు.

దాంతో వేదిక మీద అందరూ, వినతి పరిశీలనలో ఉన్నవారికి హోదా ఇవ్వకూడదట గనక కింద డాక్టరు నస్రీన్ ఒక్కతే.

ఎదురుగా ఖాళీ కుర్చీలు పెట్టుకుని మాట్లాడ్డం ఎంత కష్టమో మాట్లాడినవాళ్ళకే తెలుస్తుంది. మేష్టారు "సభికులారా" అన్నప్పుడల్లా ఆయన చూపు పోయి డాక్టరమ్మ మీద పడేది. నోరు మూతపడేది, పన్ను ఇంకా సలిపేది. వీర్రాజుగారు "సభాగౌరవ పరిరక్షణార్థం" సభికులను ఏర్పాటు చేయాలని ప్రతిపాదించారు. సోమశేఖర్ మరబొమ్మలు తయారుచేశాడు. వాటికీ తలా, రెండు చేతులూ. మనిషి గొంతు ఆగితే చప్పట్లు కొడతాయి, మళ్ళీ మొదలైతే మానేస్తాయి. మనుషుల్లో మాత్రం ఇంతకన్నా మంచి శ్రోతలు ఎక్కడున్నారు! ఊపిరి పీల్చుకోడానికి ఆగినా చప్పట్లే. మేష్టారు ఆ ఆదివారం తన జీవితంలోకెల్లా గొప్ప ఉపన్యాసం చేశారు. దేని మీదో తర్వాత గుర్తు లేదు.

సభ్యత్వం లేనివాళ్ళు సభలో ఉండకూడదు కనక మరబొమ్మలకి సభ్యత్వాలు ఇచ్చారు. సభ్యత్వానికి పేరుండాలి కనక పేర్లు పెట్టారు. మొదటి బొమ్మ పేరు శ్రోతానందం.

నస్రీన్ ఈసారి మేష్టారికి ఫోను చేసింది. "మేష్టారండీ, ఆ బొమ్మల్ని పడవెక్కిస్తే తల తిరిగిందో లేదో చెప్తాయాండీ?"

"చెప్పలేవమ్మా. కానీ చప్పట్లు కొడతాయి."

"నూకరాజుకి మళ్ళీ వాచిందండి."

మేష్టారికి సిగ్గేసింది. తన దవడ తనే పట్టుకుని, "ఈ వారం నేనే చూసుకుంటానమ్మా" అని మాటిచ్చారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. పడవ విషయమై వీర్రాజుగారి అధ్యక్షతన ఉపసంఘం వేయించారు.

ఉపసంఘం పడవని దూరం నుంచే చూసి నివేదిక ఇచ్చింది. పడవకి ముందూ వెనకా ఉన్నవి. ముందు ఎవరు కూర్చోవాలి, వెనక ఎవరు కూర్చోవాలి అన్నది అత్యంత సున్నితమైన అంశం. విశిష్ట మోడరేటరు వెనక కూర్చుంటే అగౌరవం, గౌరవ మోడరేటరు ముందు కూర్చుంటే అతిక్రమణ. కావున అన్ని ఆసనములూ ముందే ఉండునట్లు, వెనక అనునది లేకుండా పడవను సవరించి సమర్పించవలసిందిగా వైద్యురాలిని కోరడమైనది.

"వెనక లేకపోతే అది పడవెలా అవుద్దండీ మేష్టారూ, గుండిగ అవుద్ది గానీ" అంది నస్రీన్ ఫోనులో. ఆమెకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో మేష్టారికి తెలియలేదు. అది తెలుసుకునేంత తీరిక కూడా లేకపోయింది. వార్షికోత్సవం దగ్గర పడింది.

వార్షికోత్సవానికి ముందు మేష్టారు ఒక ఘోరం కనిపెట్టారు. ఆయన మాట్లాడుతుండగా వేదిక మీద చాలా తలలు ముందుకి వాలిపోయి ఉండేవి. భక్తిగా వింటున్నారనుకున్నారు ఇన్నాళ్ళూ. అసలు సంగతి, ఆయన మైకు అందుకోగానే అందరూ పెట్టెలు బల్ల మీద పెట్టి కాఫీకి పోతున్నారు. పెట్టె బల్ల మీద బోర్లా ఉంటే బొమ్మ తల వాలిపోతుంది. ఆయన గుండె కలుక్కుమంది. కలుక్కుమన్న గుండెతో నిబంధన రాయకూడదు గానీ, రాశారు. సాటి మోడరేటరు ప్రసంగంలో మూడుమార్లు చప్పట్లు తప్పినవారు సంఘం నుంచి ఆటోమేటిక్‌గా తొలగింపబడతారు. తొలగించేటప్పుడు చదివి వినిపించే వాక్యం కూడా ఎంతో మర్యాదగా, తనే రాసి సోమశేఖర్‌కిచ్చారు.

"సార్, ఇది ఎవరికైనా వర్తిస్తుందా?" అన్నాడు సోమశేఖర్.

"చట్టం ముందు అందరూ సమానమేనయ్యా" అన్నారు మేష్టారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయనకి తను గుర్తు రాలేదు.

వార్షికోత్సవంలో ఉత్తమ సభ్యుడికి సన్మానం. హాజరు పట్టీ తీస్తే, చేరింది మొదలు ఒక్క సభ కూడా మానని వాడు, మధ్యలో కాఫీకి పోనివాడు, ఎవరినీ పల్లెత్తు మాట అననివాడు, అలాంటివాళ్ళలో అందరికన్నా ముందు చేరినవాడు ఒక్కడే తేలాడు. శ్రోతానందం. మరబొమ్మకి సన్మానమేమిటని సోమశేఖర్ గొణిగాడు. వీర్రాజుగారు మండిపడ్డారు. "సభ్యుల మధ్య పుట్టుక చేత భేదం పాటించమని ఏ నిబంధన చెబుతోంది?" ఏ నిబంధనా చెప్పడం లేదు. శ్రోతానందంగారిని వేదికను అలంకరించవలసిందిగా సవినయంగా ఆహ్వానించారు. శాలువా కప్పారు. వేదిక ఎక్కినవారికి హోదా ఉండాలి కనక విశేష మోడరేటరు అన్నారు. చప్పట్ల విషయంలో ఆయనకున్న అనుభవం దృష్ట్యా చప్పట్ల నిబంధన అమలు బాధ్యత ఆయనకే అప్పగించారు. తర్వాత "సన్మానగ్రహీత తమ స్పందన తెలియజేస్తారు" అని మైకు ఆయన ముందు పెట్టారు.

శ్రోతానందంగారు ఏమీ మాట్లాడలేదు.

మనిషి గొంతు వినబడనంతసేపూ చప్పట్లు కొట్టడం ఆ బొమ్మల ధర్మం. శ్రోతానందంగారు మౌనంగా చప్పట్లు కొట్టారు. కింద ఉన్న బొమ్మలన్నీ కొట్టాయి. సాటి మోడరేటరు ప్రసంగం నడుస్తోంది కాబట్టి, నిబంధన గుర్తొచ్చి, వేదిక మీద మనుషులందరూ మీట నొక్కడం మొదలుపెట్టారు. ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియలేదు. ఆపితే తొలగింపు. "అసమాన వాగ్ధాటి!" అన్నారు వీర్రాజుగారు, మీట నొక్కడం ఆపకుండా.

అదే సమయానికి మేష్టారి పన్ను కసిగా ఒక్క పోటు పొడిచింది. కణతల్లోంచి పోయి మాడుకి తగిలింది. అబ్బా అని ఆయన మీట వదిలి దవడ పట్టుకున్నారు. చప్పట్లు ఒకసారి తప్పాయి. దవడ వదలబోయేసరికి ఇంకో పోటు. రెండు. మూడు.

శ్రోతానందంగారి తల మెల్లగా ఆయన వైపు తిరిగింది. మేష్టారు స్వయంగా రాసిన వాక్యం వినబడింది. "మహాశయా, తమ అమూల్యమైన సమయాన్ని ఇకపై ఈ సభ కోసం వెచ్చించవద్దని సవినయంగా కోరుతూ, తమను సగౌరవంగా సాగనంపుతున్నాం."

చీకటి. మేష్టారు పెట్టె దించి చూసుకుంటే అట్ట మీద "నలుపు, ఎనిమిదో నంబరు" అన్న అక్షరాలు కనబడ్డాయి. ఎదురుగా క్యాలెండరు ఉంది. చప్పట్లు లేకుండా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో ఆయనకి అప్పుడు తెలిసింది. పరువు పోయినందుకు ఏడుపొచ్చింది. పన్ను కోసం ఏడుస్తున్నట్టు రత్నమాలకి చెప్పారు.

మర్నాడు వీర్రాజుగారికి ఫోను చేశారు. "ఏవండీ వీర్రాజుగారూ, ఆ సంఘం పెట్టిందే నేను కదండీ!"

"మేము ఎంతో చింతిస్తున్నాం" అన్నారు వీర్రాజుగారు. "కానీ అది తమరు రాసిన నిబంధన. దాన్ని సడలిస్తే తమర్ని అవమానించినట్టు అవుతుంది. అందుకు మా మనసొప్పదు."

"కనీసం అప్పీలు చేసుకోనివ్వండి."

"తప్పకుండా. అప్పీలు వేదిక మీద నుంచి చేసుకోవలసి ఉంటుంది. తమరికి ప్రస్తుతం వేదిక లేదు." ఆగి, గొంతు తగ్గించి, "వచ్చే ఆదివారం తమరికి వీడ్కోలు సన్మానం ఏర్పాటు చేశామండి. శ్రోతానందంగారి అధ్యక్షతన. తమరు రాలేరు గాబట్టి శాలువా గాలికి కప్పుతాం. అయినా తమరి మెడ అక్కడ ఎప్పుడూ లేదు కదండీ" అన్నారు. ఆయన వేళాకోళమాడలేదు. ఆయనకి ఆ విద్య రాదు.

ఆ సాయంత్రానికి దవడ పూరీలా పొంగింది. రత్నమాల అద్దం తెచ్చి చూపించింది. "ఇక మీకు సభలు లేవు కదండీ, పదండి" అంది. కాకినాడలో పళ్ళ డాక్టర్లకి కొదవ లేదు. అయినా మేష్టారు పొద్దున్నే తుని బస్సెక్కారు. ఎందుకని రత్నమాల అడగలేదు, ఆయన చెప్పలేదు.

క్లినిక్కు బస్టాండు వెనక సందులో ఉంది. వరండాలో బెంచీ మీద భారీ మనిషొకడు తువ్వాలు చెంపకి కట్టుకుని, చెప్పులు విప్పకుండా, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. అతనే నూకరాజని చెప్పకుండానే తెలుస్తోంది.

"మేష్టారా! మీరేంటండీ ఇలాగొచ్చారు?" డాక్టరు నస్రీన్ బయటికొచ్చింది. తలా చేతులే తప్ప మనిషిని ఎన్నడూ చూడని మేష్టారికి ఆమె కాళ్ళ మీద నడిచి రావడం కాసేపు వింతగా తోచింది.

"నీ పడవ ఎక్కుదామని వచ్చానమ్మా" అన్నారు. ఇంకా చాలా చెబుదామనుకున్నారు. ఉపసంఘం గురించి, తన తప్పు గురించి. దవడ నొప్పి చెప్పనివ్వలేదు.

ఆమె కుర్చీ చూపించింది. మేష్టారి జీవితంలో ఇంత భయం వేసిన కుర్చీ ఇంకొకటి లేదు. ఎవరూ సవినయంగా ఆహ్వానించలేదు. "కూకోండి, ఏం పర్లేదు" అంది, అంతే. కూర్చున్నారు. ఆమె ఇంజక్షనిచ్చి, కాసేపాగి దవడ తిమ్మిరెక్కిందో లేదో చూసి, పెట్టె కళ్ళకి కట్టి, "నోరు తెరవండి. తల తిరిగితే ఎడంచెయ్యెత్తండి" అంది.

నీళ్ళు. ఇరుపక్కలా మడచెట్లు వేళ్ళు పైకి తేలి నిలబడి ఉన్నాయి. పడవలో అడ్డంగా ఒక బల్ల వేసి ఉంది, అంతే. ముందేదో వెనకేదో చూసుకునే అలవాటు చొప్పున మేష్టారు అటూ ఇటూ చూశారు. పక్కన ఎవరూ లేరు. లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీంచి నీళ్ళలోకి దూకి ముక్కున చేపపిల్లతో లేచింది. ఎక్కడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మొదటి రోజున నెత్తి మీద ఈదిన చేప ఆయనకి గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ అదే పెట్టె పెట్టుకుని, ఒక్కసారైనా తల పైకెత్తలేదే అనిపించింది. ఈ పిల్ల అడిగింది ఏమిటి, ఒక్కసారి ఎక్కి చూడమనే కదా. బాధేసింది. ఆ వెంటే చాలా సంతోషం కలిగింది. ఆ సంతోషంలో "ఈ శుభ సందర్భాన్ని పురస్కరించుకుని" అన్న మాటలు అలవాటుగా గొంతు దాకా వచ్చాయి. నోరు బార్లా తెరిచే ఉంది. కానీ నాలుక మీద దూది, దవడలో పట్టకారు. మాటలు వచ్చిన దారినే వెనక్కి పోయాయి. పడవ మలుపు తిరిగింది.

"అయిపోయిందండి."

పెట్టె తీసేసరికి ఆమె చేతిలో పన్ను ఉంది. "తల తిరిగిందాండీ?"

మేష్టారు తల అడ్డంగా ఊపారు. నమ్ముతుందో లేదోనని ఇంకోసారి ఊపారు. అసలు ఎడంచెయ్యి కదల్చనే లేదన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. డాక్టరు నస్రీన్ గట్టిగా ఊపిరి వదిలి, గోడకానుకుని నవ్వింది.

"పదిమంది కావాలనుకున్నానండీ. ఒక్కళ్ళైనా చాలు ఇవాల్టికి. నూకరాజూ!"

గుమ్మంలో నూకరాజు ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డాడు. "నొప్పెట్టిందాండీ బాబూ?" అన్నాడు మేష్టార్ని చూసి. కళ్ళు మాత్రం వీధి వైపే ఉన్నాయి.

ఇలాంటి సమయంలో భయాన్ని గురించి, ధైర్యాన్ని గురించి, నేటి సమాజంలో దంతాల ప్రాముఖ్యాన్ని గురించి మేష్టారు మాట్లాడగలిగింది ఎంతో ఉంది. నోటి నిండా దూది ఉంది. గంట దాకా నోరు తెరవొద్దంది డాక్టరమ్మ. ఆయన పెట్టె తీసుకుని, నూకరాజు దగ్గరికి నడిచి, తువ్వాలు పక్కకి జరిపి, జాగ్రత్తగా అతని కళ్ళకి పెట్టారు.

నూకరాజు కాసేపు బిగదీసుకుని నిలబడ్డాడు. తర్వాత మెల్లిగా తల పైకెత్తాడు.

"పిట్ట" అన్నాడు.

మేష్టారు అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, ఇందాక తను కూర్చున్న కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన నిలబడ్డారు. ఒకసారి కూర్చున్న కుర్చీని ఎవరూ అడక్కుండా ఇంకొకరికి ఇవ్వడం ఆయనకి అదే మొదలు.